అరవై డబ్బాల సబ్బు

ఎర్మెస్ తస్సినారికి నమ్మకం తక్కువ. రొట్టెల దుకాణంలో "ఇవాళ పొద్దున కాల్చిందే" అంటే, కొస విరిచి చూసి గానీ సంచిలో వేసుకోడు. రేపు ఎండ కాస్తుందని రేడియో చెబితే గొడుగు తీసి తలుపు దగ్గర పెట్టుకుంటాడు. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయినా, కాఫీలో చక్కెర వేశానని భార్య దెయన్నా చెబితే, చెంచాతో కాస్త తీసుకుని నాలుక్కి తగిలించుకుని, అప్పుడు తలూపుతాడు. "ఈ మనిషి పెళ్లిలో పాదిరీ అడిగినదానికి సరేనన్నాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే" అంటుంది దెయన్నా.

ఫెర్రారా ఊళ్లో, పెద్ద చర్చి వెనక సందులో అతని సెలూన్. రెండు కుర్చీలు, ఒక పొడవాటి అద్దం, వేడి తువ్వాళ్ల పెట్టె. పదమూడో ఏట నేల ఊడ్చడానికి చేరిన ఆ గదిలోనే ఇరవై రెండో ఏట యజమాని అయ్యాడు. అప్పటి నుంచి ఆదివారం, సోమవారం తప్ప ప్రతిరోజూ అక్కడే నిలబడ్డాడు. గడ్డం గీయడంలో అతని చేతికి వంక పెట్టినవాడు లేడు. మాట్లాడేటప్పుడు మాత్రం అందరూ కాస్త ఆచితూచి మాట్లాడేవారు. ఎవరేం చెప్పినా ఎర్మెస్ కత్తి ఆపి, అద్దంలోంచి వాళ్ల కళ్లలోకి చూసి "నిజంగానా?" అనేవాడు. మెడ మీద కత్తి పెట్టి ఆ మాట అడిగితే ఎవరికైనా చెప్పింది తప్పేమో అనిపిస్తుంది.

పుట్టుకతో అలాంటివాడు కాదు. సెలూన్ చేతికొచ్చిన కొత్తలో, మంచి సూటు వేసుకున్న ఒక అమ్మకందారు వచ్చి, ప్యారిస్‌లో నటులు వాడే షేవింగ్ సబ్బని చెప్పి ఒక పెట్టె అంటగట్టాడు. నీలం కాగితం, బంగారు అక్షరాలు. ఎర్మెస్ మురిసిపోయి ఆ పెట్టెలోని సబ్బులను అద్దం ముందు గోపురంలా పేర్చాడు. మొదట ఆ సబ్బుతో గడ్డం గీయించుకున్నవాడు పోస్ట్‌మన్ ఇవో. సాయంత్రానికి అతని మొహం గుమ్మడికాయంత అయింది. వారం రోజులు ఉత్తరాలు పంచడానికి మఫ్లర్ చుట్టుకుని తిరిగాడు, అదీ జూన్ నెలలో. ఎర్మెస్ ఆ రాత్రి నీలం కాగితాన్ని వేడి ఆవిరి మీద పెట్టి ఊడదీశాడు. కింద ఇంకో కాగితం ఉంది. బట్టల సబ్బు. పక్క జిల్లా ఫ్యాక్టరీది.

ఆ తర్వాత అతను సబ్బు మార్చలేదు. తెల్లగా, మెత్తగా, బాదం వాసనతో పెద్ద డబ్బాల్లో వచ్చే మామూలు సబ్బు. లాయరుకైనా, చేపలమ్మేవాడికైనా అదే. ఎవరైనా కొత్త సబ్బు పేరెత్తితే "దానిలో ఏముందో నీకు తెలుసా? నాకు తెలీదు. నాకు తెలియనిది నీ మొహానికి రాయను" అనేవాడు.

ఇలా నలభై ఏళ్లు గడిచాక ఒక అక్టోబరులో ఫౌస్తో గుయిదోబోని జేబులోంచి ఒక రేకు డబ్బా తీశాడు.

గుయిదోబోని పన్నుల ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. చదువుకున్నవాడు కాబట్టి అందరూ "దొత్తోరే" అని పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా మంగళవారం, శుక్రవారం ఎర్మెస్ దగ్గరే గడ్డం గీయించుకుంటున్నాడు. రిటైరయ్యాక అతనికి షేవింగ్ సబ్బుల పిచ్చి పట్టింది. ఇంట్లో భార్య చీనీ పింగాణీ పెట్టుకునే అద్దాల బీరువా ఖాళీ చేయించి అందులో సబ్బులు పెట్టాడు. ఇంటర్నెట్‌లో తనలాంటి వాళ్ల గుంపు ఒకటుంది. నురుగు ఫొటోలు పెట్టుకుని ఒకరినొకరు మెచ్చుకుంటారు.

"ఏంటి దొత్తోరే ఇది? బూటు పాలిషా?" అన్నాడు ఎర్మెస్.

"ముందు చేతులు కడుక్కో. ఇది కొమాక్కియో ఊళ్లో చేసే సబ్బు. మూడు నెలలకొకసారి అరవై డబ్బాలే చేస్తారు. అమ్మకం తెరిచిన నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. దీని కోసం నేను తొమ్మిది నెలలు కాచుకుని, దొరికినప్పుడు డజను కొనేశాను."

"నాలుగు నిమిషాల్లో అమ్ముడైపోయేది సబ్బా, దొంగ సరుకా?"

"ఎగతాళి ఆపి విను. గాడిద పాలు, నల్ల పందుల కొవ్వు వేసి, పాత ఉప్పు గోదాములో ఎనిమిది నెలలు మాగబెడతారు. నా స్నేహితుడొకడు దీని పాత డబ్బా కోసం మోటార్ సైకిలు అమ్మాడు."

ఎర్మెస్ కత్తి కింద పెట్టాడు. "ఎనిమిది నెలలు మాగబెట్టడానికి ఇదేమన్నా జున్నా? సబ్బు ఎండాలి, అంతే. గాడిద పాలు ఎవరు పిండారు, చూశారా? పంది నల్లదో తెల్లదో కొవ్వు చూసి చెప్పగలరా? మూతి మీద రాసుకునేదానికి ఇంత కథెందుకో?"

"కథ కాదు. రాసి చూడు."

ఇరవై రెండేళ్ల పరిచయం కాబట్టి రాశాడు. నురుగు బాగానే వచ్చింది. గుయిదోబోని కళ్లు మూసుకుని, "ఆహా, పట్టు. పట్టు తగిలినట్టుంది" అని గొణుగుతుంటే ఎర్మెస్‌కి ఒళ్లు మండింది. ఆ డబ్బా తెరవకముందే ఈ మనిషి ఆ మాట అనాలని నిర్ణయించుకుని వచ్చాడని అతనికి అనిపించింది. సబ్బు ఎలా ఉందో మాత్రం తను గమనించలేదు. కోపంలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది?

"మీ గుంపు వాళ్లని తీసుకురండి," అన్నాడు. "శనివారం మధ్యాహ్నం. సగం మొహానికి మీ సబ్బు, సగం మొహానికి నా సబ్బు. ఏ పక్క ఏదో చెప్పండి. చెబితే నేను నా డబ్బా పారేస్తా."

నలుగురొచ్చారు. గుయిదోబోని, ఒక పళ్ల డాక్టరు, ఒక నోటరీ, బొలోన్యా నుంచి రైల్లో వచ్చిన బట్టతల మనిషి ఒకడు. ఎర్మెస్ ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, కళ్ల మీద వేడి తువ్వాలు కప్పి, తెర వెనక నురుగు చేసి తెచ్చాడు. కొమాక్కియో డబ్బా మూత తీసి అద్దం ముందు పెట్టాడు. ఆ వాసన గది నిండా ఉంది.

గుయిదోబోని ఎడమ పక్క అన్నాడు. పళ్ల డాక్టరు కుడి పక్క అన్నాడు, చిన్నపిల్ల బుగ్గలా ఉందన్నాడు. నోటరీ కుడి పక్క నిమిరి చూసుకుని, ఎడమ పక్క నిమిరి చూసుకుని, ఎడమ వైపు అన్నాడు. బొలోన్యా మనిషి మాత్రం చాలాసేపు ఆలోచించి, "కుడి. ఎనిమిది నెలల మాగుడు తెలుస్తోంది. ఇది అబద్ధమాడదు" అన్నాడు.

ఎర్మెస్ తెర లాగాడు. తెర వెనక బల్ల మీద ఒక్కటే గిన్నె ఉంది. పక్కన తన పెద్ద తెల్ల డబ్బా.

"రెండు పక్కలా ఇదే రాశాను. నలుగురికీ."

బయట సైకిలు గంట ఒకటి మోగింది. పళ్ల డాక్టరు నవ్వబోయి, పక్కవాళ్లను చూసి మానుకున్నాడు. గుయిదోబోని తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ చేతి మీద ఉంచాడు.

"ఇరవై రెండేళ్లుగా నా మెడ నీకిచ్చాను, ఎర్మెస్," అన్నాడు. "నువ్వేం రాస్తున్నావో ఏనాడూ అడగలేదు."

కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. డబ్బా అద్దం ముందే ఉండిపోయింది. తర్వాతి మంగళవారం రాలేదు. శుక్రవారమూ రాలేదు.

పరీక్ష పెట్టిన ఆ శనివారం సాయంత్రమే ఇంటికెళ్లి ఈ విషయం గొప్పగా చెబుదామనుకున్నాడు ఎర్మెస్. దెయన్నా కుట్టుమిషను దగ్గర ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. విని, దారం కొరికి తెంపింది.

"అయితే ఆ సబ్బు మంచిదా, కాదా?"

"చెప్పాగా, నలుగురూ..."

"నలుగురికీ నీ సబ్బే రాశావుగా. వాళ్ల సబ్బు రాయనే లేదు. మరి దాని సంగతి నీకేం తెలిసింది? నువ్వు పరీక్ష పెట్టింది సబ్బుకి కాదు, మనుషులకి. మనుషులు పిచ్చోళ్లని తేలింది. అది మా అమ్మ కూడా చెప్పేది, గడ్డం గీయకుండానే."

ఆ రాత్రి గుమ్మడికాయ కూరిన పాస్తా అతనికి ఇష్టమైనదే అయినా సగం వదిలేశాడు.

మర్నాడు ఆ డబ్బా ఇంటికి తెచ్చాడు. తన గడ్డం తనే గీసుకున్నాడు. మొదటి రోజు ఏ తేడా లేదు. రెండో రోజు ఏ తేడా లేదు. నాలుగో రోజు సైకిలు మీద వెళ్తుంటే, ఎప్పుడూ దవడ కింద చురుక్కుమనే చలిగాలి ఆ రోజు చురుక్కుమనలేదని గమనించాడు. వెంటనే తన మీద తనకే అనుమానం వచ్చింది. గుయిదోబోని జబ్బు తనకూ అంటుకుందా?

"నువ్వు తెర వెనక నురుగు చెయ్యి," అన్నాడు దెయన్నాతో. "ఏ సబ్బో నాకు చెప్పకు. చెయ్యి మాత్రం బయటపెట్టి బ్రష్ ఇవ్వు. మొహం చూపించకు. నీ మొహంలో అన్నీ తెలిసిపోతాయి."

"వాసన?"

ఎర్మెస్ ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకున్నాడు.

పన్నెండు పొద్దులు అలా జరిగింది. దెయన్నా గోడ క్యాలెండర్లో గుర్తులు పెట్టింది. ముక్కు మూసుకుపోయిన గొంతుతో మొగుడు స్నానాల గది నుంచి "వాళ్లది!" "నాది!" అని అరుస్తుంటే, కిటికీ అవతల పక్కింటావిడ ఆస్తుల గొడవేదో నడుస్తోందనుకుంది. చివరి రోజు దెయన్నా లెక్క చూసింది.

"తొమ్మిది సరిగ్గా చెప్పావు."

"మూడు తప్పాయన్నమాట."

"నీతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడటం నయం. తొమ్మిది, ఎర్మెస్! ఏదో ఉంది దానిలో."

"ఉంటే ఏముందో చూస్తా. గాడిదలు, ఉప్పు గోదాము... అన్నీ చూస్తా."

డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఫెల్లెత్తి అనే ఇంటిపేరు, ఊరి పేరు ఉన్నాయి. సోమవారం సెలూన్ మూసి ఉంటుంది కాబట్టి, తన కత్తి, తన తెల్ల సబ్బు సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. కొమాక్కియోలో దిగేసరికి కాలవల మీద మంచు ఇంకా విడలేదు. చేపల బల్ల దగ్గర అడిగితే, "సబ్బు లొరెదానా?" అని మూడో వంతెన అవతల గులాబీ రంగు ఇల్లు చూపించారు.

తలుపు తీసినామెకి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. భుజాలు మాత్రం పడవ లాగేవాళ్ల భుజాల్లా ఉన్నాయి. ఎర్మెస్‌ని పైనుంచి కిందికి చూసింది. శుభ్రమైన కోటు, చేతిలో తోలు సంచి.

"కాగితాలన్నీ ఉన్నాయి," అంది అతను నోరు తెరవకముందే. "పరీక్షల రిపోర్టు, మునిసిపాలిటీ ముద్ర, అన్నీ. పోయినేడాది వచ్చినాయనకి చూపించాను. మళ్లీ ఎందుకు?"

"నేను ఇన్‌స్పెక్టర్ని కాదు, సిన్యోరా."

"ఇన్‌స్పెక్టర్లందరూ అదే అంటారు."

ఎర్మెస్‌కి ఆమె మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది. కుడిచేయి చాపి చూపించాడు. కత్తి పిడి ఆనే చోట చిటికెన వేలు మీద కాయ కాసి ఉంది. ఆమె వంగి ఆ వేలు నొక్కి చూసింది.

"బార్బరువా! మరి ముందే చెప్పచ్చుగా. రా. కాళ్లు తుడుచుకుని రా."

వంటగది, దాని వెనక పెరడు, అంతే ఆ ఫ్యాక్టరీ. పొయ్యి మీద ఒక పాత రాగి కళాయి. ఎర్మెస్ దానిలోకి తొంగి చూశాడు, వాసన చూశాడు, అడుగు వేలితో రుద్ది చూశాడు.

"అరవై డబ్బాలే ఎందుకు చేస్తారు? ఎక్కువ చేస్తే ధర పడిపోతుందనా?"

"కళాయికి పట్టేది అరవయ్యే. రెండో కళాయి కలపడానికి ఈ భుజం ఒప్పుకోదు. ఇంకా?"

"ఉప్పు గోదాము ఎక్కడ?"

"ఏ గోదాము?"

"ఎనిమిది నెలలు మాగబెట్టే గోదాము."

లొరెదానా నవ్వింది. పడకగది తలుపు తోసి చూపించింది. బట్టల బీరువా మీద, పాత దుప్పటి పరిచి, వరసగా సబ్బు పలకలు. "ఆరు వారాలు ఇక్కడ ఎండుతాయి. ఎనిమిది నెలలని ఎవడో ఇంటర్నెట్‌లో రాశాడు. వాడి మాట ఇంకొకడు రాశాడు. కొన్నాళ్లకి అందరూ నాకే చెప్పడం మొదలెట్టారు, అమ్మా, మీ ఉప్పు గోదాము ఫొటో పెట్టండి అని."

"మీరు కాదని చెప్పలేదేం?"

"అడిగినోళ్లకి చెప్పా. ఎవరూ నమ్మలా. రహస్యం దాస్తున్నానన్నారు."

"గాడిద పాలు?"

"ఈ ఊళ్లో గాడిదేదయ్యా? పక్కింటి ఎజియో ఉన్నాడు, వాడు పాలివ్వడు. పంది కొవ్వు, కొబ్బరి నూనె, ఉడకబెట్టిన అవిసె గింజల జిగురు. అంతే. జిగురు మాత్రం ఎక్కువ పోస్తా."

"ఎందుకని?"

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. మలుగు చేపలు కాల్చే కార్ఖానాలో ఆమె, ఆమె భర్త ఒరియానో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆమె వెనిగర్ తొట్టెల దగ్గర, అతను నిప్పు దగ్గర. చలికాలమంతా మొహం మంటకెదురుగా, బయటికొస్తే తడిగాలి. బుగ్గలు ఎండిన చెరువులా పగిలేవి. గడ్డం పెంచుకుందామంటే నిప్పురవ్వలు. ఏ సబ్బు తగిలినా ఎగిరిపడేవాడు. అందుకని ఆమె ఈ కళాయిలో ఒక్కొక్కటి కలిపి చూస్తూ వచ్చింది. అతను పోయి ఆరేళ్లయింది.

ఎర్మెస్ అంతా విన్నాడు. నలభై ఏళ్ల అలవాటు నోరు దాటింది.

"సబ్బు అమ్మేవాళ్లందరికీ చచ్చిపోయిన మనిషి ఒకడుంటాడు, సిన్యోరా."

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్లిందో అతనికి అర్థం కాలేదు. లొరెదానా మొహం రాయిలా అయిపోయింది. బల్ల మీది గుడ్డ తీసి, తడి లేని చోట తుడిచింది. తలుపు చూపిస్తుందనుకున్నాడు. ఆమె పెరట్లోకి వెళ్లి గోడ మీదుగా అరిచింది.

"ఎజియో! ఒరేయ్ ఎజియో! గడ్డం గీసుకుని ఎన్నాళ్లయింది?"

"ఎందుకూ, నాకేమన్నా సంబంధం చూశావా?" అని గోడవతల నుంచి జవాబొచ్చింది.

"ఫెర్రారా నుంచి బార్బరొచ్చాడు. ఊరికే గీస్తాడట. రా."

ఎజియో వచ్చాడు. పడవ మనిషి. డెబ్బై ఏళ్లుండచ్చు. ఉప్పుగాలికి బుగ్గలు ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి, దవడ ఎముక మీద సన్నటి పగుళ్లు. అలాంటి మొహం ఎర్మెస్ సెలూన్లో కుర్చీ ఎక్కి చాలా కాలమైంది. అలాంటివాళ్లు సెలూన్లకి రారు, ఇంట్లోనే పళ్లు బిగబట్టి గీసుకుంటారు.

"నీ సంచిలో నీ సబ్బు ఉంటుందిగా," అంది లొరెదానా ఎజియోకి వినపడకుండా. "నాది ఒక పక్క, నీది ఒక పక్క. వీడికేమీ చెప్పొద్దు. వీడు కంప్యూటరు ముట్టడు. నేను సబ్బు చేస్తానని తెలుసు గానీ ఎప్పుడూ వాడలేదు, ఆడవాళ్ల పనంటాడు."

"వాసన పట్టేస్తాడు," అన్నాడు ఎర్మెస్.

లొరెదానా బట్టల తీగ మీది క్లిప్పు తీసి ఎజియో ముక్కుకి పెట్టింది. "ఇదేం క్షవరమే!" అన్నాడు ఎజియో బాతు గొంతుతో.

పెరట్లో కుర్చీ వేశారు. ఎర్మెస్ అతని వెనక నిలబడి, ఒక గిన్నెలో తన సబ్బు, ఒక గిన్నెలో ఆమె సబ్బు నురుగు చేశాడు. కుడి బుగ్గకి తన సబ్బు రాశాడు. బ్రష్ రెండో చుట్టు తిరక్కుండానే ఎజియో కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఎర్మెస్ ఎంత తేలిగ్గా వీలైతే అంత తేలిగ్గా కత్తి నడిపాడు. తర్వాత ఎడమ బుగ్గ. రాశాడు, మళ్లీ రాశాడు. కుర్చీ మీది చేతులు వదులయ్యాయి. పగుళ్ల మీదుగా కత్తి వెళ్తున్నప్పుడు, ఆ చర్మం కింద ఎప్పుడూ తెలిసే బిగుసుకోవడం తెలియలేదు. యాభై ఏళ్లుగా ఎదుటివాడి నొప్పి ముందు తెలిసేది అతని వేళ్లకే.

"ఈ పక్క మంట," అని ఎజియో కుడి బుగ్గ చూపించాడు. "ఇటుపక్క లేదు. మీరిద్దరూ దేనికి కొట్టుకుంటున్నారో నాకు తెలీదు గానీ, ఆ కుడి పక్క కూడా ఎడమ పక్కలా ఎందుకు చెయ్యలేదయ్యా? నేనేం పాపం చేశాను?"

ఎర్మెస్ రెండు గిన్నెలూ పక్కన పెట్టాడు. తడిగుడ్డతో అతని మొహం తుడిచి, క్లిప్పు తీసి, రెండు బుగ్గలూ వెలుతురులో పెట్టి చూశాడు. కుడి బుగ్గ మంకెన పువ్వులా ఉంది. ఎడమది మామూలుగా ఉంది. ఇంకో రెండుసార్లు చూశాడు.

ఎజియో వెళ్లాక, "సిన్యోరా, ఇందాక నేనన్న మాట..." అన్నాడు.

"అన్నావు. విన్నాను. కూర్చుని తిను."

వెనిగర్‌లో ఊరిన మలుగు ముక్కలు, వేడి మొక్కజొన్న ముద్ద పెట్టింది. ఎర్మెస్ ఫోర్కు పట్టుకుని ఒక్క క్షణం చేప వంక చూశాడు.

"విషం లేదు," అంది లొరెదానా.

"అబ్బే, అది కాదు," అని గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు. వాసన చూడకుండా తినడం అతనికి చాలా ఏళ్లలో అదే మొదటిసారి.

ఆ శుక్రవారం పొద్దున గుయిదోబోని ఇంటికెళ్లి గంట కొట్టాడు. మూడో అంతస్తు. తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచి చూశాడు గుయిదోబోని. నాలుగు రోజుల గడ్డం, చెంప మీద కోసుకున్న గాటు.

"మీ డబ్బా తెచ్చాను, దొత్తోరే. కొంచెం వాడేశాను. క్షమించండి. దానికి కాదు... దానికీ, రెండోదానికీ."

గొలుసు తీశాడు. వంటగదిలో కూర్చోబెట్టాడు గానీ కాఫీ అడగలేదు. ఎర్మెస్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కళాయి, బీరువా, ఆరు వారాలు. గుయిదోబోని అన్నీ ఓర్చుకున్నాడు.

"గాడిద పాలు కూడా లేవా?"

"లేవు."

"కొంచెం కూడా?"

"అవిసె గింజలు."

పాపం, ఆ మనిషి సెలూన్లో మోసపోయినప్పటికంటే ఎక్కువ బాధపడ్డాడు. తన సబ్బుల బీరువా వైపు చూశాడు. అద్దాల వెనక కొమాక్కియో డబ్బాలు ఒక వరసలో ఉన్నాయి, మూతల మీది కాగితం కూడా చింపనివి. కాసేపటికి అడిగాడు. "మరి పని చేస్తుందా?"

"పగిలిన మొహానికి చేస్తుంది. నా సబ్బుకంటే బాగా చేస్తుంది. నా కళ్లతో చూశాను. మీ మొహానికి ఏది రాసినా ఒకటే. మీది వెన్న."

అది పొగడ్తో తిట్టో గుయిదోబోనికి తెలియలేదు. "ఆలోచిస్తాను," అన్నాడు.

రెండు వారాలు ఆలోచించి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు గానీ తల వెనక్కి వాల్చలేదు. ఎర్మెస్ నురుగు చేస్తుంటే లేచి వెళ్లి గిన్నెలోకి చూసి, డబ్బా చూసి, వేలితో తీసి వాసన చూసి, అప్పుడు కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అదే పని. ఎర్మెస్ డబ్బా తనే అతని ముందుకు జరిపేవాడు.

లొరెదానా మూడు నెలలకొకసారి అతనికి నాలుగు డబ్బాలు పక్కన పెట్టేది. అద్దం ముందు పెట్టలేదతను. సొరుగులో పెట్టి, తారు రోడ్లు వేసేవాళ్లకి, చేపలబ్బాయికి, మందులు వాడి చర్మం చెడినవాళ్లకి మాత్రం తీసేవాడు. పళ్ల డాక్టరు ఎలాగో పసిగట్టి, "నాకెందుకు రాయవు?" అని గొడవకొచ్చాడు. "మీకు జబ్బేంటి?" అన్నాడు ఎర్మెస్. "కావాలంటే జనవరి నెలంతా రోడ్లెయ్యండి, తర్వాత రండి."

మూడో ఏడు లొరెదానా భుజానికి ఆపరేషన్ అయింది. కళాయి మళ్లీ పొయ్యెక్కలేదు. ఇంటర్నెట్‌లో ఆమె సబ్బు ధర ఎక్కడికో పోయింది. చివరి సరుకులో ముత్యాల పొడి ఉందని కొత్తగా ఎవడో రాశాడట. ఎర్మెస్ అవిసె గింజలు కొని ఇంట్లో గిన్నెలో ఉడకబెట్టి, తన తెల్ల సబ్బులో కలిపి చూశాడు. ముద్ద ముద్దగా తగలడింది. దెయన్నా ఆ గిన్నె పారేసింది.

ఫిబ్రవరిలో సిల్వానో అనే తారు పనివాడు వచ్చాడు. శనివారం కూతురి పెళ్లి. మొహం చూస్తే కత్తి పెట్టబుద్ధి కాలేదు. సొరుగు ఖాళీ. గుయిదోబోని పక్క కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఎర్మెస్ అతని వంక చూశాడు. అడగలేదు. గుయిదోబోని పేపరు ఇంకొంచెం పైకెత్తి మొహం దాచుకున్నాడు. కాసేపటికి మడిచి, లేచి, ఏం చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాలకి రొప్పుతూ తిరిగొచ్చి, చింపని డబ్బా ఒకటి ఎర్మెస్ చేతిలో పెట్టాడు.

"ఇంకా పది ఉన్నాయి," అన్నాడు. "పదీ ఇవ్వను. ముందే చెబుతున్నా."

ఎర్మెస్ మూత మీది కాగితం చింపాడు. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కొంచెం వేలి మీద తీసుకుని, నీటి చుక్క కలిపి, బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఏంటి, నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాడు గుయిదోబోని.

"మిమ్మల్ని కాదు, డబ్బాని," అని, సిల్వానో తలని మెల్లగా వెనక్కి వాల్చాడు ఎర్మెస్.